ఇంక మార్చరుగా

పిల్లాడికి మాటలు బాగానే వచ్చు. ఎక్కాలు వచ్చు, పద్యాలు వచ్చు, ఆటోల వెనక రాసినవన్నీ కూడబలుక్కుని చదవడం వచ్చు. రానిదల్లా పిలవడమే. దాహం వేస్తే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు. లోపలున్న మనిషి తిరిగి చూసేదాకా అలాగే నిలబడి, చూశాక "మంచినీళ్ళు కావాలి" అంటాడు. ఎవరిని అడుగుతున్నాడో ఆ మాటలో ఉండదు. మొన్న మేడమెట్ల మీద జారి మోకాలు చీరుకుపోతే పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు గాని, "అమ్మా" అనలేదు. దెబ్బ తగిలితే ముసలివాళ్ళు కూడా అనే మాట అది.

ఇదంతా చెబుతున్నంతసేపూ ఉషశ్రీ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. పక్కన ఆమె భర్త రామకోటేశ్వరరావు స్కూటర్ తాళం చేతిలోనే పట్టుకుని, ఆటోనగర్‌లో షాపు పనివాళ్ళ మీద వదిలేసి వచ్చానని మాటిమాటికీ గుర్తు చేస్తున్నాడు. ఆ పిల్లల క్లినిక్కులో వాళ్ళకి ఎదురుగా కూర్చుని తబస్సుం వింటోంది.

"ఎప్పట్నించండీ ఇలా?" అని అడిగింది.

"జూన్‌లో వీణ్ణి ఇక్కడికి తీసుకొచ్చినప్పట్నించీనండీ," అంది ఉషశ్రీ.

"ఎక్కణ్ణించి తీసుకొచ్చారు?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలాంటి చూపు ఎదురైతే ఏమీ అనకుండా ఆగాలని తబస్సుంకి నేర్పారు. ఆగింది. ఆగితే ఎవరో ఒకరు చెబుతారు. ఉషశ్రీయే చెప్పింది.

ఆరేళ్ళ ఆ పిల్లాడి పేరు లక్ష్మీకాంత్. ఇంట్లో కాంతు. ఉషశ్రీకి రెండో కొడుకు. రామకోటేశ్వరరావు అన్న వెంకటప్పయ్య ఉయ్యూరు అవతల పల్లెలో చెరుకు పండిస్తాడు. ఆయనా, భార్య రాజ్యలక్ష్మీ పిల్లల కోసం చూసి చూసి విసిగిపోయారు. మొక్కని దేవుడు లేడు, చూపించుకోని డాక్టరు లేడు. అప్పుడు అత్తగారు, ఉషశ్రీకి రెండోసారీ మగపిల్లాడే పుట్టాడు గనక వాణ్ణి పెద్దకోడలి ఒళ్ళో పెట్టమంది. మూడో నెలలో పెట్టారు. కాయితాలూ కచేరీలూ ఏమీ లేవు. అన్నదమ్ముల మధ్య కాయితాలేమిటని అందరూ అనుకున్నారు. ఆ వైపు కుటుంబాల్లో అదేమంత వింత కూడా కాదు. కాంతుకి రాజ్యలక్ష్మి అమ్మ అయింది, వెంకటప్పయ్య నాన్న అయ్యాడు. పండక్కో పబ్బానికో కనిపించే ఉషశ్రీ, పిన్ని.

అంతా బాగానే ఉండేది. ఎటొచ్చీ, అందరూ ఆశ వదులుకున్నాక రాజ్యలక్ష్మికి నెల తప్పింది. మగపిల్లాడు పుట్టాడు. బారసాల నాడే అత్తగారు మళ్ళీ నోరు తెరిచింది. ఇంక ఎవరి బిడ్డ వాళ్ళ దగ్గర ఉండటం మంచిదంది. పట్నంలో చదువు బాగుంటుందని ఒకరు, చంటిపిల్లాణ్ణి చూసి వీడు కుళ్ళుకుంటాడని ఒకరు, తలా ఓ చెయ్యి వేశారు. బడులు తెరిచే వేళకి కాంతు బట్టల సంచీ బెజవాడ పటమటకి చేరింది. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు. పిన్ని అసలు అమ్మ. అమ్మ పెద్దమ్మ. బాబాయి నాన్న. నాన్న పెదనాన్న. ఇంట్లో బీరువా ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపి, ఇక నుంచి బట్టలు ఇక్కడుంటాయని చెప్పినట్టు చెప్పారు. వాడు శ్రద్ధగా విన్నాడు, అర్థమైందా అంటే తలూపాడు. ఆ రోజు నుంచి ఎవర్నీ పిలవలేదు. ఉషశ్రీ పెద్దకొడుకు వాడికి అప్పుడూ అన్నయ్యే, ఇప్పుడూ అన్నయ్యే. ఆ ఒక్క పిలుపూ ఎవరూ మార్చలేదు. వాణ్ణి కూడా పిలవడం మానేశాడు.

"రాజ్యలక్ష్మి గారు చూడ్డానికి వస్తుంటారా?" అంది తబస్సుం.

"రావద్దన్నామండీ," అన్నాడు రామకోటేశ్వరరావు. "ఆవిడొచ్చిందంటే వీడు మళ్ళీ ఆవిడ కొంగే పట్టుకుంటాడు. ఉషని అమ్మా అని పిలవడం అలవాటు కానివ్వండి, అప్పుడు రమ్మంటాం. మా వదిన కూడా ఒప్పుకుంది."

తబస్సుం తలూపింది. ఆమెకి ఏమీ అనిపించలేదు. నాలుగు నెలలుగా ఆమెకి ఏమీ అనిపించడం లేదు.

*

తబస్సుం పిల్లల, కుటుంబాల మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. థీసిస్ రాసేస్తే సరిపోదు. ఏడాదిపాటు ఎవరైనా పెద్ద సైకాలజిస్టు కింద కేసులు చూడాలి. తబస్సుం చూసేది డాక్టర్ ఎలిజబెత్ దగ్గర. బెంగళూరులో చదువుకొచ్చి, పటమటలో ఒక స్వీటు షాపు మేడ మీద క్లినిక్ పెట్టుకున్న మనిషి. లోపల ఎంత దుఃఖం నడుస్తున్నా కింద నుంచి నేతి వాసన కమ్మగా పైకి వస్తుండేది. వచ్చిన పిల్లల్లో సగం మంది లడ్డూ కొనిస్తామంటే వచ్చినవాళ్ళే.

క్లినిక్కులో ఒక ఆటగది, దాని పక్కన ఇంకో చిన్న గది. రెంటికీ మధ్య గోడలో పెద్ద అద్దం బిగించి, దానికి కార్ల అద్దాలకి అంటించే నల్లకాయితం అంటించారు. ఆటగదిలో ట్యూబులైట్లు వెలుగుతున్నంతసేపూ లోపలి పిల్లలకి అందులో తమ మొహాలే కనిపిస్తాయి. పక్కగదిలో కూర్చున్న ఎలిజబెత్ గారికి మాత్రం లోపల జరిగేదంతా కనిపిస్తుంది, స్పీకర్లో వినిపిస్తుంది. ఇబ్బందల్లా కరెంటుతోనే. కరెంటు పోతే ఆటగది చీకటైపోయేది. పక్కగదికి వీధి వైపు కిటికీ ఉంది. దాంతో వ్యవహారం తలకిందులై, పిల్లలకి అద్దంలో ఎలిజబెత్ గారి కళ్ళజోడు ప్రత్యక్షమయ్యేది. బెజవాడలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పగలిగే సైకాలజిస్టు ఎవరూ లేరు.

తబస్సుం చేరిన కొత్తలో ఒక పాప, నాన్న తన చెయ్యి ఎలా కాల్చాడో చెబుతుంటే తబస్సుం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పాప చెప్పడం ఆపేసి, "ఏడవకండి టీచర్, అంత నొప్పేం లేదులెండి," అని ఓదార్చింది. ఆ సాయంత్రం ఎలిజబెత్ గారు ఆమెని కూర్చోబెట్టి అడిగారు.

"నువ్వేడిస్తే ఆ పిల్ల చెప్పడం ఆపేసింది, చూశావా? తన ఏడుపు చాలక నీ ఏడుపు కూడా ఆ పిల్లే మొయ్యాలా?"

ఎలిజబెత్ గారు కఠినురాలు కాదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తబస్సుం నేర్చుకుంది. ఏడుపు వచ్చేటప్పుడు నాలుక పైకి పెట్టి అంగిలికి గట్టిగా అదమాలి. రెండు వారాలు కష్టపడింది, ఆ తరవాత నాలుక తనంతట తనే పైకి వెళ్ళేది.

మార్చిలో ఆమె తండ్రి బడే మియా పోయాడు. వన్ టౌన్‌లో రేకు పెట్టెలు చేసేవాడు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆయన సుత్తి చప్పుడుకి ఆ సందులో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. షాపులోనే పెట్టెకి మూత బిగిస్తూ బిగిస్తూ పక్కకి ఒరిగిపోయాడు. ఇల్లంతా గొల్లుమంది. తబస్సుం నాలుక తనంతట తనే పైకి వెళ్ళింది. వచ్చినవాళ్ళకి చాపలు పరిచింది, టీ ఇచ్చింది, తమ్ముడు జాకీర్ని పట్టుకుని ఓదార్చింది. మూడో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక క్లినిక్కుకి వచ్చేసింది. చాలా నిబ్బరం గల పిల్లవని ఎలిజబెత్ గారు మెచ్చుకున్నారు.

నిబ్బరమేమీ కాదని ఒక్క తల్లికే తెలుసు. బేగం బీ ఇద్దత్‌లో కూర్చుంది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. ఆ గదిలో కూర్చుని రోజూ కూతుర్ని అడిగేది.

"ఒక్కసారి ఏడువు బేటీ. లోపల పెట్టుకుంటే ఏమవుతుందో ఏమో."

"రావడం లేదమ్మీ," అనేది తబస్సుం. అబద్ధం కాదు. ఒక పక్కకే పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కి, గిల్లినా తెలియదు చూడండి, ఆమెకి ఒళ్ళంతా అలా ఉంది. అన్నం తింటోంది, బస్సెక్కుతోంది, కేసులు చూస్తోంది. ముందుకన్నా బాగా చూస్తోంది కూడా.

*

కాంతు ఆటగదిలోకి వచ్చి గోడవార నిలబడ్డాడు. తెల్లచొక్కా, నెత్తిన నూనె, పక్కపాపిడి. ఉషశ్రీ వాణ్ణి ముస్తాబు చేయడంలో లోటేమీ చేయలేదు. పిల్లాడంటే ఆమెకి ప్రేమే. కన్నప్పుడు మూడు నెలలు పాలిచ్చి, ఒళ్ళోంచి తీసి ఇచ్చేసిన బిడ్డ. అప్పుడు ఎవరూ ఆమెని అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. కాకపోతే ఇప్పుడు తిరిగొచ్చింది, అంతే.

తబస్సుం లక్కపిడతల బుట్ట ముందుకు జరిపింది. చిన్న పొయ్యి, గిన్నెలు, గరిటె, కప్పులు, నాలుగైదు బొమ్మలు. కాంతు కాసేపు చూసి కూర్చున్నాడు. పొయ్యి మీద గిన్నె పెట్టి కాఫీ కాచాడు. బొమ్మలకి ఒక్కోదానికీ కప్పు పెట్టాడు. చీర కట్టిన బొమ్మలు రెండున్నాయి.

"ఈమె ఎవరు?" అంది తబస్సుం.

"ఈమె."

"ఆమె?"

"ఆమె." ఇద్దరికీ సమానంగా కాఫీ పోశాడు. ఒలికిందేమో అన్నట్టు లేని కాఫీని చొక్కా అంచుతో తుడిచాడు.

తరవాతి వారం వాడే అడిగాడు. గిన్నె తోముతూ, తలెత్తకుండా.

"మిమ్మల్ని ఏమని పిలవాలి?"

"టీచర్ అను."

వాడు తోమడం ఆపాడు.

"మళ్ళీ మార్చరుగా?"

"ఏం మార్చం?"

"పిలుపు. ఇప్పుడు టీచర్ అన్నాక, రేపు కాదంటారేమో."

"మార్చను," అంది తబస్సుం.

"అయితే సరే టీచర్," అన్నాడు వాడు. అన్ని వారాల తరవాత ఆ పిల్లాడు ఒక మనిషిని పిలవడం అదే మొదలు.

అద్దం అవతల ఎలిజబెత్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తబస్సుం మాత్రం గంట కాగానే బయటికొచ్చి, వాడి మాటలు పొల్లుపోకుండా రాసి పెట్టింది. చక్కటి ముక్క, థీసిస్‌లో పనికొస్తుంది అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా వేయలేదు.

"పిల్లాడు మొండికెయ్యలేదు," అన్నారు ఎలిజబెత్ గారు ఆ సాయంత్రం. "జాగ్రత్త పడుతున్నాడు. పెద్దవాళ్ళు మాట మీద నిలబడరని వాడికి అర్థమైపోయింది. రెండు కుటుంబాలనీ కూర్చోబెట్టి మాట్లాడాలి."

రామకోటేశ్వరరావు ససేమిరా అన్నాడు. వదినని పిలిస్తే కథ మళ్ళీ మొదటికొస్తుందన్నాడు. కావాలంటే పిల్లాణ్ణి మాన్పించేస్తానన్నాడు. మాన్పిస్తే వాడు ఆ ఇంట్లో గుమ్మాల దగ్గర నిలబడుతూ పెరుగుతాడు.

ఎలిజబెత్ గారు పెన్నుకి మూత పెట్టారు.

"అమ్మ ఎవరో మనం నిర్ణయించలేం తబస్సుం. వాళ్ళు నిర్ణయించేశారు. ఆ ఇంట్లో వాడు బతికేట్టు చెయ్యడమే మనకి మిగిలింది. స్టార్లు మొదలుపెట్టు."

స్టార్లంటే బంగారు రంగు కాయితపు చుక్కలు. ఒక అట్ట మీద గళ్ళు గీసి గోడకి తగిలిస్తారు. పిల్లాడు చెయ్యాల్సిన పని చేసినప్పుడల్లా ఒక చుక్క వాడి చేతే అంటించి, నోరారా మెచ్చుకుంటారు. వరసలన్నీ నిండితే బహుమానం. చాలా సమస్యలకి బాగా పనిచేసే పద్ధతే. పక్క తడిపే పిల్లలకి పనిచేసింది, గోళ్ళు కొరికే పిల్లలకి పనిచేసింది.

*

స్టార్లు మొదలుపెట్టే ముందు రోజు మధ్యాహ్నం ఒకామె మెట్లెక్కి వచ్చింది. భుజాన చంటిపిల్లాడు, చేతిలో సంచీ, నుదుట చెమటకి చెదిరిన కుంకుమ. బస్సు దిగి ఎండలో నడిచొచ్చినట్టుంది. బల్ల మీద కూర్చుని పిల్లాణ్ణి ఒళ్ళోకి దించుకుంది.

"కాంతుకి చెప్పే టీచరు మీరేనామ్మా? నేను రాజ్యలక్ష్మిని. వాడి..." అని ఆగింది. "పల్లె నుంచి వచ్చాను."

తబస్సుం ఆమెకి మంచినీళ్ళు ఇచ్చింది. కాంతు ఆ రోజు రాడని చెప్పింది.

"తెలుసమ్మా. రాని రోజు కనుక్కునే వచ్చాను. వాడి కళ్ళబడనని మా మరిదికి మాటిచ్చాను. మిమ్మల్ని ఒకటి అడగాలని." గ్లాసు కింద పెట్టింది. "త్వరగా నేర్పండమ్మా. ఉషని అమ్మా అని పిలవడం త్వరగా నేర్పండి."

తబస్సుం ఆమె మొహం వైపు చూసింది.

"వాడు దాన్ని అమ్మా అంటే గాని నన్ను రానివ్వరు. వాడు మొండోడు, చెప్పగా వినడు. మీరు చదువుకున్నవాళ్ళు, మీకు ఒడుపు తెలుస్తుంది. అని పారేస్తే ఒక పనైపోతుంది, నేనొచ్చి చూసుకుంటాను. అనడానికేముంది, నోటి మాటేగా. వాడి లోపల ఏదుందో అదుంటుంది."

"మిమ్మల్ని వాడు పెద్దమ్మా అనాలి కదండీ మరి," అంది తబస్సుం. ప్రశ్న అడగవలసిందే గనక అడిగింది.

"అననివ్వండి." రాజ్యలక్ష్మి నవ్వింది. "నలుగురిలో పెద్దమ్మా అంటాడు. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఏమంటాడో నాకు తెలీదా? ఆరేళ్ళు ఈ చేత్తో తినిపించాను."

లేచేటప్పుడు సంచీలోంచి అరిసెల పొట్లం తీసింది. పల్లె నుంచి అని చెప్పకుండా కాంతుకి పెట్టమంది. చెప్పకుండా అని రెండుసార్లు అంది. మెట్లు దిగుతూ చంటిపిల్లాడి తల ఎండకి కొంగుతో కప్పింది.

ఇది మనసు మెలిపెట్టే ఘట్టమని తబస్సుంకి తెలుసు. ఎండుమిరపకాయ చూసి కారంగా ఉంటుందని తెలిసినట్టు, అలా తెలుసు. నాలుకకి తగల్లేదు.

*

"ఉషశ్రీ గారిని అమ్మా అని పిలిస్తే ఒక స్టార్," అని తబస్సుం కాంతుకి వివరించింది. "రామకోటేశ్వరరావు గారిని నాన్నా అంటే ఒక స్టార్. రాజ్యలక్ష్మి గారి గురించి చెప్పేటప్పుడు పెద్దమ్మ అంటే ఒక స్టార్."

కాంతు అట్ట మీది గళ్ళు చూశాడు. వేలితో ఒక వరస తడిమాడు.

"ఇదే ఆఖరా టీచర్? ఇంక మార్చరుగా?"

"మార్చం."

"ఒట్టు?"

"ఒట్టు," అంది తబస్సుం.

వాడు నమ్మాడు. టీచర్ అనే పిలుపు అప్పటికి ఎవరూ మార్చలేదు గనక నమ్మాడు.

మొదటి "అమ్మా" దసరా సెలవుల ముందు వచ్చింది. ఉషశ్రీకి లక్క కప్పు ఇస్తూ గుటక మింగి అన్నాడు. ఉషశ్రీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు ఆమె వైపు చూడలేదు. వెంటనే తబస్సుం వైపు తిరిగి చెయ్యి చాపాడు. స్టార్ వేలి మీద పెట్టగానే జాగ్రత్తగా గడి మధ్యలో అంటించి, వంకర పోయిందేమోనని దూరం నుంచి చూసుకున్నాడు.

ఆ తరవాత పని సాఫీగా సాగిపోయింది. ఇంటి దగ్గర కూడా ఒక అట్ట తగిలించారు. రామకోటేశ్వరరావు నాన్నయ్యాడు. ఆ రోజు ఆయనే కింద షాపులో మైసూర్‌పాక్ కొని అందరికీ పంచాడు. అన్నయ్యకి స్టార్ లేకపోయినా, అన్నయ్య మళ్ళీ అన్నయ్య అయ్యాడు. బళ్ళో పిల్లలతో ఆడుతున్నాడని కబురొచ్చింది. మోకాలికి మళ్ళీ దెబ్బ తగిలితే ఈసారి వీధి చివరి దాకా వినపడేలా ఏడ్చాడట. పెద్దవాళ్ళని మీరు అనాలని ఉషశ్రీ నేర్పింది. అదీ నేర్చుకున్నాడు. ఇంత తెలివైన పిల్లాణ్ణి మొండోడనుకున్నామే అని ఇంటిల్లిపాదీ ముచ్చటపడ్డారు.

"నీ కేసుల్లో ఇది బాగా వచ్చింది," అన్నారు ఎలిజబెత్ గారు. ఆమె గొంతులో సంతోషం అంతగా లేదు. "నీకెలా ఉంది?"

"బాగానే ఉంది మేడమ్."

ఎలిజబెత్ గారు ఆమె మొహం వైపు ఒకసారి చూసి ఫైలు మూశారు.

*

ఆఖరి రోజుకి రాజ్యలక్ష్మిని రమ్మన్నారు. రామకోటేశ్వరరావు మాట నిలబెట్టుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. తనే బస్టాండుకి వెళ్ళి తీసుకొచ్చాడు. వెంకటప్పయ్యకి చెరుకు నరుకుడు ఉండి రాలేదు. ముందుగా పక్కగదిలో కూర్చుని కాంతు ఉషశ్రీని పిలవడం చూడాలి, తరవాత తలుపు తీసుకుని ఆటగదిలోకి రావాలి. అనుకున్నది అది.

రాజ్యలక్ష్మి పట్టుచీర కట్టుకొచ్చింది. తలలో చామంతులు. చంటిపిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చోలేక లేచి, అద్దానికి దగ్గరగా వెళ్ళి నిలబడింది. జూన్ తరవాత పిల్లాణ్ణి చూడటం అదే.

ఆటగదిలో కాంతు మంచి హుషారులో ఉన్నాడు. పొయ్యి మీద గిన్నె పెట్టి గరిటె తిప్పుతున్నాడు.

"అమ్మా, పంచదార ఎంత వెయ్యను?"

"రెండు చెంచాలు," అంది ఉషశ్రీ.

స్టార్ అంటించాడు. అట్ట మీద ఆఖరి వరసలో ఒక్క గడి మిగిలింది. తబస్సుం ఆఖరి స్టార్ ఊడదీసి వేలి కొస మీద పెట్టుకుంది.

అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను నెమ్మదించి ఆగింది. గది మసకబారింది. అద్దంలో ఉన్న కాంతూ, పొయ్యీ, గిన్నెలూ మాయమై, ఆ చోట పట్టుచీరలో రాజ్యలక్ష్మి కనిపించింది. అద్దానికి అరచెయ్యి ఆనించి, తను కనబడుతున్నానని తెలియక, కళ్ళారా చూసుకుంటోంది.

కాంతు గరిటెతో అలాగే లేచి నిలబడ్డాడు. వాడు తనను చూస్తున్నాడని ఆమెకి తెలిసిపోయింది. ఆమె మొహమంతా నవ్వు పరుచుకుంది. ఉషశ్రీ చేతిలో కప్పు చేతిలోనే ఉంది.

వాడు ఉషశ్రీ వైపు చూశాడు. గోడకున్న అట్ట వైపు చూశాడు. చేతులు కట్టుకుని, బళ్ళో ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడి గట్టిగా అన్నాడు.

"పెద్దమ్మా, బాగున్నారా?"

ఆరేళ్ళు నువ్వు అని పిలిచిన మనిషిని. అన్నం ముద్ద పెద్దదైందని తిట్టిన మనిషిని. నిద్రలో మీద కాలు వేసి పడుకున్న మనిషిని. బాగున్నారా.

అద్దం అవతల నవ్వు అలాగే ఉంది, చెయ్యి మాత్రం కిందికి జారింది. రాజ్యలక్ష్మి తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. వెనకే రామకోటేశ్వరరావు, ఎలిజబెత్ గారు.

"బాగున్నాను," అంది రాజ్యలక్ష్మి.

కాంతు తబస్సుం దగ్గరికి నడిచొచ్చి చెయ్యి చాపాడు. తప్పు లేకుండా చెప్పానని వాడికి తెలుసు. మొహంలో చిన్న గర్వం ఉంది.

"స్టార్, టీచర్."

స్టార్ వేలి కొసమీదే ఉంది. తబస్సుం ఇవ్వలేకపోయింది. తిమ్మిరెక్కిన చేతిలోకి నెత్తురు తిరిగి వచ్చేటప్పుడు పుట్టే నొప్పి లాంటిది గుండెల్లో పుట్టింది. ఆమెకి దుఃఖం వచ్చింది. ఈ పిల్లాడి కోసం వచ్చింది, ఎదురుగా పట్టుచీర కట్టుకుని నిలబడ్డ ఆడమనిషి కోసం వచ్చింది, దాని వెనకాలే సుత్తి పక్కన పెట్టి ఒరిగిపోయిన తండ్రి కోసం వచ్చింది. తను వీడికి ఏం నేర్పిందో ఇప్పుడు తెలిసింది. మోకాళ్ళ మీద కూర్చుని వాడి చెయ్యి పట్టుకుంది.

"కాంతూ, దీనికి స్టార్ అక్కర్లేదు నాన్నా. ఈవిణ్ణి ముందు పిలిచినట్టే పిలవాలనిపిస్తే అలాగే పిలువు. ఇద్దర్నీ అమ్మా అన్నా తప్పు లేదు. నీ ఇష్టం."

"మేడమ్," అన్నాడు రామకోటేశ్వరరావు.

ఎలిజబెత్ గారు ఆయన్ని చేత్తో ఆపారు. అందరూ పిల్లాడి మొహం వైపు చూశారు. ఆ మొహంలో సంతోషం రాలేదు. గర్వం పోయింది. చాపిన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు. మొదటి రోజు ఆటగదిలోకి వచ్చిన పిల్లాడు మళ్ళీ గోడవార నిలబడ్డాడు.

"మళ్ళీ మార్చారా?" అన్నాడు. "మార్చనని ఒట్టేశారుగా టీచర్."

మాట్లాడింది రాజ్యలక్ష్మి.

"ఎవరూ ఏమీ మార్చలేదు కాంతూ. టీచర్ ఊరికే అడిగారు, నీకు గుర్తుందో లేదో అని. పెద్దమ్మనే. ఎప్పటికీ పెద్దమ్మనే." చంటిపిల్లాణ్ణి ఇంకో భుజానికి మార్చుకుని తబస్సుం వైపు తిరిగింది. "ఇవ్వండమ్మా. వాడి స్టార్ వాడికివ్వండి."

తబస్సుం ఇచ్చింది. కాంతు ఆ మసక వెలుతుర్లోనే ఆఖరి గడి వెతుక్కుని అంటించాడు. వంకర పోలేదని చూసుకుని వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. ఉషశ్రీ వాడి వీపు మీద చెయ్యి వేసి, తోడికోడలి వైపు చూడలేక తల దించుకుంది.

"మీకు కూడా కాఫీ," అని కాంతు రాజ్యలక్ష్మికి ఒక కప్పు అందించాడు. ఆమె పట్టుచీరతో కిందే కూర్చుని, ఖాళీ కప్పు చివరిదాకా తాగింది. తాగి లేచి తబస్సుం దగ్గరికి వచ్చి, కొంగు చివరతో ఆమె చెంప ఒత్తింది.

"అటు తిరగండమ్మా," అంది గొంతు తగ్గించి. "మీరు ఏడవడం వాడు చూస్తే తనేదో తప్పు చేశాననుకుంటాడు."

ఏడుస్తున్నానని తబస్సుంకి అప్పుడే తెలిసింది. గోడ వైపు తిరిగి నిలబడింది. నాలుక అంగిలికి అదిమి చూసింది. ఈసారి ఆగలేదు. వెనక రాజ్యలక్ష్మి మళ్ళీ కింద కూర్చున్న గాజుల చప్పుడు వినిపించింది.

"బాగుందిరా కాఫీ. ఇంకో కప్పు ఇస్తావా?"

"ఇస్తాను పెద్దమ్మా," అన్నాడు కాంతు. దానికి స్టార్ అడగలేదు.